మత్తులో ఉన్న పసిబిడ్డకి నొప్పి పుడితే డాక్టరుకి ఎలా తెలుస్తుంది?

మీ ప్రశ్న క్లుప్తంగా మళ్లీ చెప్తాను. బాబుకి నాలుగు నెలలు. గజ్జల్లో హెర్నియా, ఆపరేషన్ చెయ్యాలన్నారు, పూర్తి మత్తు ఇస్తామన్నారు. "మాటలు రాని బిడ్డ, పైగా మత్తులో ఉంటాడు. ఏడవలేడు, కదలలేడు. లోపల నొప్పి పడుతుంటే మీకు తెలిసే దారేంటి? నొప్పిని కొలిచే మిషన్ ఏమైనా ఉంటుందా? ఒకప్పుడు పసిపిల్లలకి మత్తు సరిగా ఇవ్వకుండానే కోసేవారని చదివాను, నిజమేనా?" అని అడిగారు.

పిల్లలకి మత్తు ఇచ్చే పనిలో నాకు ఇరవై ఏళ్లు దాటాయి. ఓటీ (ఆపరేషన్ గది) తలుపు దగ్గర బిడ్డని నా చేతికిస్తూ చాలామంది తల్లిదండ్రులు ఈ ప్రశ్నే కళ్లతో అడుగుతారు. నోరు తెరిచి అడిగేవాళ్లు తక్కువ. మీరు అడిగారు కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

ముందు సూటిగా జవాబు. నొప్పిని కొలిచే మిషన్ లేదు. పసిపిల్లలకే కాదు, మత్తులో ఉన్న పెద్దవాళ్లకి కూడా లేదు. మానిటర్ మీద మాకు కనిపించేవి గుండె వేగం, బీపీ, ఊపిరి, ఆక్సిజన్, ఒంటి వేడి, బిడ్డ వదిలే గాలిలో మత్తుమందు శాతం. వీటిలో ఏదో మారుతుంది. సరిగ్గా అదే క్షణంలో సర్జన్ చెయ్యి ఏం చేస్తోందో చూస్తాం. రెండూ కలిస్తే అది నొప్పి కబురే అయ్యుండొచ్చని అనుకుంటాం, మిగతా కారణాలు కాదని తేల్చుకుని మందు ఇస్తాం. ఇది జవాబులో సగమే. మిగతా సగం ఏంటంటే, హెర్నియా లాంటి ఆపరేషన్లలో అసలు ఆ కబురు వెన్నుపాము దాటకుండా కోతకి ముందే అడ్డు వేసేస్తాం. బాబు విషయంలో మీకు ఎక్కువ పనికొచ్చేది ఈ రెండో సగమే. దాని సంగతి కింద చెప్తాను.

"నొప్పి కబురు" అన్నాను, ఆ మాట ఎందుకు వాడానో చెప్పాలి. నొప్పి అంటే మెదడు మేలుకుని ఉండి అనుభవించేది. చర్మం తెగినప్పుడు నరాల్లో పుట్టి వెన్నుపాము గుండా పైకి పరుగెత్తే సంకేతం వేరే సంగతి. బిడ్డ సరైన మత్తులో ఉంటే మెదడు ఆ సంకేతాన్ని బాధగా అనుభవించదు. కానీ సంకేతం మాత్రం బయల్దేరుతుంది. వెన్నుపాము, మెదడు కాండం దానికి బదులిస్తాయి. గుండె వేగం పెరుగుతుంది, రక్తనాళాలు బిగుసుకుంటాయి, అడ్రినలిన్, కార్టిసాల్ లాంటి హార్మోన్లు ఎగదన్నుతాయి. బిడ్డకి "తెలియకపోయినా" ఒంటికి తెలుస్తుందన్నమాట. మేం కనిపెట్టి చూసేది ఈ ఒంటి స్పందనని. "తెలియదు కదా, వదిలెయ్యండి" అనడానికి వీల్లేదు. ఆ హార్మోన్ల తుఫాను బిడ్డని ఆపరేషన్ తర్వాత కూడా దెబ్బతీస్తుంది. ఆ సంగతి వైద్యానికి తెలిసిన తీరు సిగ్గుపడాల్సినది.

అవును, మీరు చదివింది నిజమే. 1980ల నడిమి దాకా చాలాచోట్ల నెలలు నిండని శిశువులకి నైట్రస్ ఆక్సైడ్ అనే తేలికపాటి మత్తు గాలి, దానితోపాటు కండరాలని సడలించే మందు, అంతే. కొందరికి ఆ నైట్రస్ కూడా ఉండేది కాదు. కండరాల మందు ఇస్తే బిడ్డ కదలడు. కదలని బిడ్డని చూసి హాయిగా ఉన్నాడనుకునేవారు. 1985లో అమెరికాలో నెలలు నిండకుండా పుట్టిన ఒక బాబుకి గుండె దగ్గరి రక్తనాళాన్ని ముడివేసే ఆపరేషన్ చేశారు. కండరాల మందు తప్ప నొప్పికి ఏమీ ఇవ్వలేదని ఆ తల్లికి తర్వాత తెలిసింది. ఆవిడ ఊరుకోలేదు, పత్రికల దాకా తీసుకెళ్లింది. అప్పటిదాకా డాక్టర్ల గదుల్లో నలిగిన విషయం జనంలోకి వచ్చింది.

అప్పట్లో చెప్పిన సాకులు రెండు. "శిశువు నరాల మీద మైలిన్ పొర ఇంకా పూర్తి కాలేదు కాబట్టి నొప్పి పైకి వెళ్లదు" అనేది ఒకటి. పెద్దవాళ్లలో కూడా మొద్దు నొప్పిని మోసే సి రకం నరాలకి మైలిన్ ఉండదు, అయినా పన్ను నొప్పి మనందరికీ తెలుసు. శిశువు నరంలో సంకేతం నెమ్మదిగా నడిచినా, నడవాల్సిన దూరం జానెడు. రెండో సాకు భయం నుంచి వచ్చింది. మత్తు ఎక్కువిస్తే అంత చిన్న గుండె తట్టుకోలేదని. ఇందులో కొంత నిజం ఉంది, అందుకే అది అంత కాలం చెల్లింది.

దాన్ని తిరగేసింది కన్వల్‌జీత్ ఆనంద్ అనే భారతీయ వైద్యుడు ఆక్స్‌ఫర్డ్‌లో ఉండగా చేసిన పని. 1987లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. నెలలు నిండని శిశువులకి అదే రక్తనాళం ఆపరేషన్. సగంమందికి వాడుకలో ఉన్న మత్తు ఒక్కటే, సగంమందికి దానితోపాటు ఫెంటనిల్ అనే గట్టి నొప్పి మందు. ఫెంటనిల్ ఇవ్వని పిల్లల్లో ఒత్తిడి హార్మోన్లు చాలా ఎక్కువ పెరిగాయి, ఆపరేషన్ తర్వాత చిక్కులు కూడా వాళ్లకే ఎక్కువ వచ్చాయి. చిన్న పరిశోధనే, మొత్తం 16 మంది పిల్లలు. అయినా ఆ ఏడాదే అమెరికా పిల్లల వైద్యుల సంఘం, నవజాత శిశువులకైనా మత్తు, నొప్పి మందు ఇవ్వాల్సిందేనని ప్రకటించింది. నేను చదువుకునే రోజుల్లో కూడా "పసిగుడ్డుకి ఏం గుర్తుంటుందిలే" అనే పెద్దలు ఒకరిద్దరు మిగిలే ఉన్నారు. ఇప్పుడు ఆ మాట ఓటీలో వినపడదు.

ఇంకో సంగతి. నెలల పిల్లలకి నొప్పి తక్కువ కాదు సరికదా, ఒకవిధంగా ఎక్కువ. పెద్దవాళ్లలో మెదడు నుంచి కిందికి వచ్చే నరాలు కొన్ని నొప్పి సంకేతాన్ని అణిచిపెడతాయి. శిశువులో ఆ ఏర్పాటు ఇంకా కుదురుకోదు. 2015లో ఆక్స్‌ఫర్డ్‌లో నవజాత శిశువుల అరికాలికి చిన్నగా పొడుచుకునేలా తాకించి, ఎంఆర్ఐ స్కానర్‌లో మెదడుని చూశారు. అదే పరీక్షలో పెద్దవాళ్లలో 20 చోట్ల స్పందన కనిపిస్తే, వాటిలో 18 చోట్ల శిశువుల్లోనూ కనిపించింది.

సరే, ఇప్పుడు ఓటీలోకి రండి.

బిడ్డ నిద్రలోకి జారాక, కోత పెట్టే ముందు సర్జన్ "మొదలుపెట్టమంటారా" అని అడుగుతారు. ఆ క్షణం స్క్రీన్ మీద ఉన్న అంకెలు నాకు ముఖ్యం. పుస్తకంలో రాసిన మామూలు అంకెల కన్నా, ఈ బిడ్డకి కోతకి ముందున్న అంకెలే నాకు కొలబద్ద. ఉదాహరణకి గుండె వేగం నిమిషానికి 125 అనుకోండి. కత్తి తగిలిన అర నిమిషం, నిమిషంలోపు అది 150కి ఎగబాకి, తర్వాతి బీపీ కూడా పెరిగితే, అది నన్ను పిలిచినట్టే. 20 శాతం దాటి పెరిగితే పట్టించుకోవాలని చాలామంది పెట్టుకున్న లెక్క. లెక్క లెక్కే. కోతతోపాటే మొదలై, సర్జన్ చెయ్యి తీయగానే దిగిపోయే 15 శాతం నాకు ఎక్కువ చెప్తుంది. ఎప్పటినుంచో నెమ్మదిగా పాకుతున్న 30 శాతం అంత చెప్పదు.

సమయమే అసలు ఆధారం. ఇది మిషన్‌కి తెలియదు. సర్జన్ ఎప్పుడు లాగారో, ఎప్పుడు కుట్టారో, ఎప్పుడు ఊరికే దూది అద్దారో దానికి తెలియదు. అందుకే మత్తు డాక్టరు సర్జన్ చేతుల్ని చూస్తూ, చెవి మాత్రం మానిటర్ బీప్ మీద పెట్టి ఉంచుతాడు. గుండె కొట్టుకున్నప్పుడల్లా ఒక బీప్. ఆక్సిజన్ తగ్గితే ఆ బీప్ శ్రుతి దిగుతుంది. కొన్నేళ్లు పోయాక స్క్రీన్ వైపు తిరక్కుండానే "ఏదో మారింది" అని తెలిసిపోతుంది. ఇంట్లో ఫ్రిజ్ శబ్దం మారినా నాకు మెలకువ వచ్చేస్తుందని మా ఆవిడ విసుక్కుంటుంది.

బీపీ పట్టీ ఏ మూడు నిమిషాలకో ఐదు నిమిషాలకో ఒకసారి బిగుస్తుంది కాబట్టి ఆ కబురు ఆలస్యంగా వస్తుంది. పట్టీ సైజు తప్పయితే అంకె కూడా తప్పే. బిడ్డ తనంతట తాను ఊపిరి పీలుస్తుంటే మాత్రం ఇంకో మంచి సాక్షి ఉంది. బయటికి వచ్చే కార్బన్ డయాక్సైడ్ గీత. కబురు గట్టిగా అందితే ఊపిరి వేగం పెరుగుతుంది, ఒక్కోసారి బిడ్డ ఊపిరి బిగపడతాడు. ఊపిరి బిగపట్టడం చాలా ముఖ్యమైన హెచ్చరిక. మత్తు తేలికగా ఉన్నప్పుడు లాగితే స్వరపేటిక మూసుకుపోయే ప్రమాదం ఉంటుంది, అప్పుడు నొప్పి సంగతి తర్వాత, ముందు గాలి ఆడించాలి. అందుకే చర్మం మీద కత్తి పెట్టే ముందు మత్తు లోతు చూసుకోకుండా "ఊఁ" అనను.

ఇక చిక్కు ఇక్కడ మొదలవుతుంది. గుండె వేగం పెరగడానికి నొప్పి ఒక్కటే కారణం కాదు. రక్తం గానీ నీరు గానీ తగ్గినా పెరుగుతుంది. కార్బన్ డయాక్సైడ్ పేరుకున్నా, ఒళ్లు వేడెక్కినా, గుండె వేగం పెంచే అట్రోపిన్ అనే మందు ఇచ్చినా, మత్తు పలచబడినా పెరుగుతుంది. నేను కొత్తలో చేసిన తప్పొకటి చెప్తాను. ఆరు నెలల పాప, చిన్న ఆపరేషన్. నడుమ గుండె వేగం 130 నుంచి 160 దాటింది. నొప్పే అనుకుని ఫెంటనిల్ వేశాను. తగ్గలేదు. ఇంకొంచెం వేశాను. అప్పటికీ తగ్గకపోతే అప్పుడు తట్టింది, ఒంటి వేడి చూశాను. 38.4 డిగ్రీలు. పసిపిల్లలు చల్లబడిపోతారని వేడిగాలి దుప్పటి వేసి, దాన్ని తగ్గించడం మర్చిపోయాం. దుప్పటి ఆపితే పది నిమిషాల్లో వేగం దిగింది. కానీ వేసిన ఫెంటనిల్ వెనక్కి రాదు కదా. ఆపరేషన్ అయ్యాక పాప ఊపిరి మందకొడిగా ఉండి, ముప్పావుగంట పక్కనే కూర్చుని ఊపిరి లెక్కపెట్టాను. ఏ హానీ జరగలేదు. కానీ బిడ్డ వైపు చూడకుండా అంకెని చూసి మందు వేశాను. అప్పటినుంచి ఏ మందూ ఎత్తుకునే ముందు వరస తప్పకుండా చూసుకుంటాను. ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్, ట్యూబ్, మత్తు శాతం, రక్తం, వేడి. ఇవన్నీ సరిగ్గా ఉంటేనే నొప్పి మందు. ఇదంతా చూడటానికి పట్టేది పావు నిమిషం.

తలకిందులయ్యే సందర్భాలు కూడా ఉన్నాయి. పసిపిల్లల్లో ఆక్సిజన్ తగ్గితే గుండె వేగం పెరగకుండా పడిపోతుంది. హెర్నియా సంచిని లాగినప్పుడు, పొట్ట లోపలి పొరని సాగదీసినప్పుడు వేగస్ నరం రేగి గుండె నెమ్మదిస్తుంది. 120 నుంచి 80కి పడడం నేను చూశాను. గుండె నెమ్మదిగా కొట్టుకుంటోంది కాబట్టి బిడ్డ ప్రశాంతంగా ఉన్నాడని అనుకుంటే పొరపాటు. ఆ క్షణంలో చెయ్యాల్సిన మొదటి పని ఏ మందూ కాదు, "ఒక్క క్షణం వదలండి" అని సర్జన్‌కి చెప్పడం. మంచి సర్జన్ ఎందుకని అడగరు, ముందు వదిలి తర్వాత అడుగుతారు. నెలలు నిండని చాలా చిన్న శిశువుల్లో అయితే స్పందనే అరకొరగా ఉంటుంది. అలాంటివాళ్లకి గుర్తుల కోసం ఎదురుచూడటం తప్పు. నొప్పి ఉంటుందని ముందే లెక్కేసుకుని మందు ఇవ్వాలి.

కదలిక గురించి కూడా అడిగారు. కండరాల మందు ఇవ్వనప్పుడు కదలిక మంచి గుర్తే. కాలు ముడవడం, చెయ్యి ముడుచుకోవడం. కానీ కండరాల మందు ఇచ్చాక కదలకపోవడానికి అర్థమేమీ లేదు. 1985 నాటి కథంతా ఈ ఒక్క పొరపాటు మీదే నడిచింది. మీ బాబు లాంటి హెర్నియా ఆపరేషన్లకి చాలాసార్లు కండరాల మందు అవసరమే పడదు. పడినా, మత్తు గాలి శాతం ఎంతుందో క్షణక్షణం కనిపిస్తూనే ఉంటుంది.

ఆ శాతం గురించి రెండు మాటలు. సెవోఫ్లురేన్ అనే మత్తు గాలి ఎంత ఇవ్వాలో వయసుని బట్టి మారుతుంది. కోత పెట్టినా సగంమంది కదలకుండా ఉండే శాతాన్ని మ్యాక్ అంటాం. నలభై ఏళ్లవాళ్లకి అది 2 శాతం దగ్గర. పుట్టిన నెలలోపు శిశువుకి 3.3, ఆరు నెలల దాకా 3.2, తర్వాత 2.5. అంటే మీ బాబు వయసువాళ్లకి పెద్దవాళ్ల కన్నా గాఢంగా కావాలి. "పసివాడికి కొంచెం చాలు" అనే లోకజ్ఞానం ఇక్కడ తప్పు. అయితే చూడండి, సగంమంది కదలకపోవడం అంటే మిగతా సగం కదులుతారని. పైగా ఆ కదలికని ఆపేది చాలావరకు వెన్నుపాము దగ్గరే. ఈ అంకె నిద్ర గురించీ, కదలిక గురించీ చెప్తుంది గానీ నొప్పి కబురు ఎంత గట్టిగా నడుస్తోందో చెప్పదు. గాలి ఒక్కదాన్నే పెంచి నొప్పిని అణచాలని చూస్తే ముందు బీపీ పడిపోతుంది. అందుకే నొప్పికి వేరే మందు, వేరే దారి.

కొత్త మిషన్ల గురించి చదివి ఉంటారు. కొన్ని నిజంగానే ఉన్నాయి. గుండె దడల మధ్య ఎడం ఎలా మారుతోందో లెక్కగట్టి 0 నుంచి 100 వరకు అంకె చూపించేది ఒకటి. పెద్దవాళ్లకి ఏఎన్ఐ అనీ, శిశువులకి ఎన్ఐపీఈ అనీ ఫ్రాన్స్‌లో తయారైంది. అరచేతిలో, అరికాల్లో చెమట వల్ల చర్మం విద్యుత్తుని ఎంత పోనిస్తోందో చూసేది మరొకటి. కంటిపాప ఎంత విచ్చుకుంటోందో కొలిచేది ఇంకొకటి. మా దగ్గర మొదటి రకం కొన్నాళ్లు వాడి చూశాం. బాగున్న రోజు బాగానే ఉంది, కోత తర్వాత అంకె దిగడం కనిపించింది. అట్రోపిన్ ఇచ్చిన రోజు దేనికీ పనికిరాలేదు. అది చూసే ఎడాన్నే ఆ మందు చెరిపేస్తుంది మరి. పైగా కాసేపటి దడల్ని సగటు చేసి చూపిస్తుంది కాబట్టి నా చెవికి బీప్ మారినట్టు తెలిశాకే దానికి తెలిసేది. చర్మం మిషన్‌కి నెలలు నిండని శిశువుల స్వేదగ్రంథులు ఇంకా సిద్ధంగా ఉండవు. కంటిపాప మిషన్ కోసం అంటించి మూసిన కన్ను తెరవాలి, పైగా ఫెంటనిల్ కంటిపాపని ముడిచేస్తుంది. ఇవి అక్కర్లేదని నేను అనను. అదనపు సాక్షుల్లా ఉంటే మంచిదే. మీ ఆసుపత్రిలో ఇవి లేవని మాత్రం బెంగ పెట్టుకోకండి.

నుదుటి మీద అంటించే మెదడు అలల మానిటర్, బీఐఎస్ అంటారు, దాని గురించి కూడా అడుగుతుంటారు. అది నిద్ర లోతుని అంచనా వేస్తుంది, నొప్పిని కాదు. దాని లెక్క పెద్దవాళ్ల మెదడు అలల మీద కట్టింది. మూడు నాలుగు నెలల్లోపు బిడ్డ మెదడు మత్తులో ఆ రకం అలలే సరిగా చూపించదు. ఏడాది లోపు పిల్లల్లో ఆ అంకెని నేను నమ్మను. అంకె పక్కన పారే అసలు గీతని చూస్తాను. మధ్యమధ్యలో చదునైపోతుంటే మత్తు మరీ ఎక్కువైందని తెలుస్తుంది. తక్కువైందా అన్నదానికన్నా ఎక్కువైందా అన్నదానికే అది నాకు పనికొచ్చింది.

ఇప్పుడు ముందు వాయిదా వేసిన రెండో సగం. బాబు నిద్రపోయాక పక్కకి తిప్పి, వెన్నెముక అడుగున, పిరుదుల పైన ఉండే చిన్న సందులోంచి తిమ్మిరి మందు ఇస్తాం. కాడల్ బ్లాక్ అంటారు. బ్యుపివకేన్ గానీ రోపివకేన్ గానీ, బరువుని బట్టి కొలిచి. నడుం కింది భాగం నుంచి వచ్చే కబుర్లన్నీ అక్కడే ఆగిపోతాయి. పది పదిహేను నిమిషాల్లో పట్టుకుంటుంది, ఆపరేషన్ అయ్యాక కూడా కొన్ని గంటలు ఉంటుంది. పెద్దవాళ్లలో ఇలాంటిది చేస్తే బీపీ పడుతుందని భయం. పసిపిల్లల్లో సాధారణంగా పడదు. కొన్నిచోట్ల కాడల్ బదులు స్కానింగ్‌లో చూస్తూ గజ్జల నరాల దగ్గర మందు వేస్తారు, అదీ మంచిదే.

బ్లాక్ పనిచేసిందని ఎలా తెలుస్తుంది? మళ్లీ అదే పద్ధతి. సర్జన్‌ని ముందు చర్మం చిమటాతో గట్టిగా పట్టుకోమంటాను. బీప్ మారకపోతే కోత. ఒకసారి అన్నీ బాగున్నాయనుకున్నాక, సంచిని విడదీస్తుంటే గుండె వేగం 128 నుంచి 158కి ఎక్కింది. ఆపమన్నాను, దిగింది. మళ్లీ మొదలుపెడితే మళ్లీ ఎక్కింది. ఆక్సిజన్, వేడి, అన్నీ సరిగ్గా ఉన్నాయి. మందు ఒక పక్కకే ఎక్కువ పట్టిందని అర్థమైంది. కిలోకి ఒక మైక్రోగ్రాము ఫెంటనిల్ ఇచ్చి, కోత అంచుల్లో సర్జన్ చేత తిమ్మిరి మందు వేయించాను. తిమ్మిరి మందుకి మొత్తం మీద ఒక హద్దు ఉంటుంది, కాడల్‌లో వాడింది పోను మిగిలిందే ఇవ్వాలి. ఆ తర్వాత చివరి కుట్టుదాకా 130 దాటలేదు. నొప్పిని "చూడటం" అంటే ఇంతకంటే గొప్పగా ఏమీ ఉండదండి. ఆపి చూడటం, మొదలుపెట్టి చూడటం.

ఎందుకు మరి ముందే బోలెడంత నొప్పి మందు ఇచ్చేయకూడదు అంటారా? శిశువుల కాలేయం, మూత్రపిండాలు మార్ఫిన్ లాంటివాటిని నెమ్మదిగా బయటికి పంపుతాయి. ఊపిరి ఆగే ప్రమాదం వాళ్లకి ఎక్కువ. ఫెంటనిల్ గబుక్కున నెడితే ఛాతీ బిగుసుకుపోవచ్చు. బాబు నెలలు నిండకుండా పుట్టి ఉంటే ఈ మాట మత్తు డాక్టరుకి తప్పకుండా చెప్పండి, ఎన్ని వారాలకి పుట్టాడో కూడా. తల్లి గర్భంలో ఉన్న వారాలూ పుట్టాక గడిచిన వారాలూ కలిపి 60 దాటకపోతే, ఆపరేషన్ తర్వాత రాత్రంతా మానిటర్ మీద ఉంచే అలవాటు చాలాచోట్ల ఉంది. అలాంటి పిల్లలకి కొందరు అసలు పూర్తి మత్తే వద్దనుకుని, మెలకువగా ఉండగానే వెన్నులో ఇంజెక్షన్ ఇచ్చి చేస్తారు.

వెన్ను ఇంజెక్షన్ ప్రస్తావన వచ్చింది కాబట్టి, మీరు అడక్కపోయినా ఒకటి. మత్తు మెదడుకి చేటు చేస్తుందేమోనన్న భయం మీకూ ఉండే ఉంటుంది. సరిగ్గా మీ బాబు లాంటి పిల్లల మీదే, అంటే హెర్నియా ఆపరేషన్‌కి వచ్చిన 722 మంది పసిపిల్లల మీద, ఏడు దేశాల్లో ఒక పెద్ద పరిశోధన జరిగింది. సగంమందికి మెలకువగా వెన్నులో మందు, సగంమందికి గంటలోపు సెవోఫ్లురేన్. ఐదేళ్లు వచ్చాక తెలివితేటల పరీక్షల్లో రెండు జట్లకీ తేడా కనపడలేదు. 2019లో ఆ ఫలితం వచ్చింది. గంటలోపు ఒక్క ఆపరేషన్ గురించి నిశ్చింతగా ఉండొచ్చు.

"నొప్పి పడితే తర్వాత ప్రభావం ఉంటుందా?" అని చివర్లో రాశారు. సరిగ్గా మత్తులో, బ్లాక్‌తో చేసిన ఆపరేషన్‌కి నేను భయపడను. మందు లేకుండా పడిన నొప్పి మాత్రం గుర్తు వదులుతుంది. 1997లో కెనడాలో చూశారు. పుట్టిన కొత్తలో సున్తీ చేసిన మగపిల్లలు, నాలుగు లేదా ఆరు నెలల వయసులో టీకా వేస్తుంటే చెయ్యనివాళ్లకన్నా ఎక్కువ బాధపడ్డారు. సున్తీకి ముందు తిమ్మిరి క్రీమ్ రాసినవాళ్లలో ఆ తేడా తగ్గింది. బిడ్డకి జ్ఞాపకం ఉండకపోవచ్చు, నరాలకి ఉంటుంది.

ఇక మీ చేతికి బిడ్డ వచ్చాక. ఇక్కడ మిషన్లకన్నా మీరే మేలు. రికవరీ గదిలో నర్సులు ఎఫ్ఎల్ఏసీసీ అనే లెక్క వాడతారు. ముఖం, కాళ్లు, ఒంటి కదలిక, ఏడుపు, ఊరుకోబెడితే ఊరుకుంటాడా. ఒక్కోదానికి 0 నుంచి 2, మొత్తం 10. రెండు నెలలు దాటిన పిల్లలకి బాగా పనిచేస్తుంది. ఇందులో నేను ఎక్కువ బరువిచ్చేది చివరిదానికి. నొప్పి ఏడుపులో నుదురు ముడిపడుతుంది, కళ్లు గట్టిగా మూసుకుంటాయి, కాళ్లు పొట్టకి ముడుచుకుంటాయి, ఎత్తుకున్నా ఆగదు. సెవోఫ్లురేన్ దిగేటప్పుడు పిల్లలు కొందరు కాసేపు అయోమయంగా పెనుగులాడతారు, ఎవరి ముఖమూ చూడరు, పది పదిహేను నిమిషాల్లో సర్దుకుంటారు. ఇక మూడోది అతి మామూలుది, ఆకలి ఏడుపు. ఒకసారి ఒక బాబు గుక్కపట్టి ఏడుస్తుంటే నర్సు 8 అని రాసింది, నేను సిరంజిలోకి మందు కూడా ఎక్కించి పట్టుకున్నాను. వాళ్లమ్మ "పాలు తాగి ఆరు గంటలైంది సార్" అంది. ఇవ్వమన్నాను. రెండు నిమిషాల్లో 0. సిరంజి అలాగే ట్రేలో పెట్టేశాను.

వెళ్లే ముందు మీ మత్తు డాక్టరుని మూడు అడగండి. కాడల్ గానీ గజ్జల బ్లాక్ గానీ ఇస్తారా. ఇంటికెళ్లాక పారాసెటమాల్ ఎన్ని గంటలకొకసారి, ఎంత. మొదటి పాలు ఎప్పుడు పట్టొచ్చు. మోతాదు కాగితం మీద రాయించుకోండి. బ్లాక్ దిగిపోయేది సాధారణంగా సాయంత్రం, మీరు ఇంట్లో ఉన్నప్పుడు. నొప్పి మొదలయ్యాక వెతుక్కోకుండా, బాబు హాయిగా ఉన్నా చెప్పిన టైముకి మొదటి డోసు వేసెయ్యండి. ఆపరేషన్ ముందు పాలు ఎన్ని గంటల ముందు ఆపాలన్నది వాళ్లు చెప్పిన ప్రకారమే. తల్లిపాలకి మామూలుగా నాలుగు గంటలు. జలుబు, దగ్గు ఏమాత్రం ఉన్నా దాచకుండా చెప్పండి, వాయిదా పడుతుందేమోనని మొహమాటపడొద్దు. ముక్కు కారుతున్న బిడ్డకి ఊపిరి దారి బిగుసుకునే ప్రమాదం ఎక్కువ, అలాంటి రోజు హెర్నియా అత్యవసరం కాకపోతే నేనే వెనక్కి పంపిస్తాను.